ఓవర్-రెవ్ రిపోర్టు: సెకండ్ హ్యాండ్ పోర్షాకు బయానా ఇచ్చే ముందు

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ నుంచి సెకండ్ హ్యాండ్ పోర్షా కోసం హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లేవాళ్లు పెయింట్, టైర్లు, సర్వీస్ బుక్ శ్రద్ధగానే చూస్తారు. ఇంజిన్ తన వేగపు హద్దు దాటి ఎంత తిరిగిందో ఇంజిన్ కంప్యూటర్ (డీఎంఈ) దాచుకున్న ఓవర్-రెవ్ లెక్కను మాత్రం చాలామంది అడగరు. అడిగినవాళ్లలోనూ కొందరు దాన్ని తప్పుగా చదివి మంచి కారు వదులుకుంటారు, లేదా చెడ్డది కొంటారు.

అపోహ: రెవ్ లిమిటర్ ఉంది కదా, ఇంజిన్ హద్దు దాటదు.

లిమిటర్ ఆపగలిగేది పెట్రోల్‌ను మాత్రమే. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా రెడ్ లైన్ (ఇంజిన్ వేగపు హద్దు) దగ్గర ఇంధనం ఆగిపోతుంది, నిజమే. కానీ మాన్యువల్ కారులో గేరు తప్పు పడితే ఇంజిన్‌ను తిప్పేది చక్రాలు, వాటిని లిమిటర్ ఆపలేదు. పోర్షా 911లో 997 అనే తరానికి చెందిన కారెరా గేరు నిష్పత్తులే తీసుకోండి: రెండో గేరు 2.32, మూడోది 1.61. మూడో గేరులో 6,500 ఆర్‌పీఎం దగ్గర నాలుగుకు వెయ్యబోయి రెండులో వేసి క్లచ్ వదిలితే, ఇంజిన్ సుమారు 9,360కి ఎగబాకాలి. ఆ వేగంలో వాల్వ్ స్ప్రింగులు వాల్వులను సకాలంలో మూయలేవు. పిస్టన్ వచ్చి తగిలితే వాల్వు వంగుతుంది. కనెక్టింగ్ రాడ్ బోల్టులు సాగే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: రిపోర్టులో అంకె పెద్దగా ఉంటే ఇంజిన్ పాడైనట్టే.

ముందు ఆ అంకె దేన్ని లెక్కపెడుతుందో చూడాలి. అది ఎన్నిసార్లు తప్పు జరిగిందో చెప్పదు, ఆ వేగంలో ఎన్ని ఇగ్నిషన్లు పడ్డాయో చెబుతుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక్కసారి తిరిగితే మూడు ఇగ్నిషన్లు. 7,200 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 360. కాబట్టి 3,600 అనే అంకె అంటే మొత్తం పది సెకన్లే.

తర్వాత రేంజి: హద్దు దాటిన వేగాన్ని డీఎంఈ మెట్లుగా విడగొట్టి లెక్కపెడుతుంది, రేంజి పెరిగేకొద్దీ వేగం ఎక్కువ. 996 (997కు ముందు తరం 911), తొలి బాక్స్‌స్టర్‌లలో రెండే రేంజిలు. 997 నుంచి ఆరు. ఒక్కో మోడల్‌కు ఆర్‌పీఎం హద్దులు వేరు, 8,400 రెడ్ లైన్ ఉన్న 997 జీటీ3కి కారెరా హద్దులు పెట్టి చూడకూడదు. ఆరు రేంజిలున్న కార్లలో 1, 2 సాధారణంగా లిమిటర్ తాకినప్పుడు నమోదయ్యేవే. స్పోర్ట్స్ కారును గట్టిగా నడిపారని అర్థం, భయపడనక్కర్లేదు. మూడు నుంచి జాగ్రత్త పడాలి. నాలుగు, ఆపైన అంకెలుంటే తప్పు గేరు పడిందనే అనుకుని మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం పక్కనే ఉండే గంటల కాలమ్. ఇంజిన్ 1,400 గంటలు నడిచింది, రేంజి 4 చివరిసారి నమోదైంది 310వ గంటలో అనుకుందాం. ఆ తర్వాత 1,090 గంటలు సజావుగా తిరిగిందంటే వంగిన వాల్వు ఈపాటికి బయటపడి ఉండేది. అదే నమోదు 1,396వ గంటలో అయితే, నాలుగు గంటల క్రితమే దెబ్బ తిన్న ఇంజిన్‌ను మీకు అంటగడుతూ ఉండొచ్చు. రెంటిలోనూ ఇగ్నిషన్ల సంఖ్య ఒకటే కావచ్చు, కారు విలువ మాత్రం ఒకటి కాదు.

అపోహ: అన్నీ సున్నాలుంటే నిశ్చింత.

సున్నాలతోపాటు మొత్తం గంటలు చూడండి. డీఎంఈ మార్చి ఉంటే గంటలు అసహజంగా తక్కువగా ఉంటాయి. ఓడోమీటర్‌ను గంటలతో భాగించండి: 45,000 కి.మీ., 1,200 గంటలు అయితే సగటు గంటకు 37.5 కి.మీ., నమ్మదగ్గదే. 45,000కు 300 గంటలే అంటే సగటు 150 వస్తుంది, మన రోడ్ల మీద అసాధ్యం. తలకిందులుగా 30,000కు 2,500 గంటలు ఉంటే సగటు 12. మీటర్ తిప్పారేమో అని అడగాల్సిందే. డీఎంఈలోని ఛాసిస్ నంబరు కారు బాడీ మీది నంబరుతో, ఆర్‌సీతో కలవాలి.

అపోహ: ఫోన్ యాప్, బ్లూటూత్ డాంగిల్ చాలు.

చాలవు. అవి చదివేది అన్ని కార్లకూ ఉమ్మడి ఓబీడీ (కారు తన లోపాలను తానే చెప్పే వ్యవస్థ) సమాచారం. ఓవర్-రెవ్ రిపోర్టుకు పోర్షా డీలర్ల పరీక్షా పరికరం పీవిస్, లేదా డ్యూరామెట్రిక్ కేబుల్‌తో ల్యాప్‌టాప్, లేదా పోర్షా సాఫ్ట్‌వేర్ ఉన్న స్కానర్ కావాలి. అమ్మేవాళ్లు వాట్సాప్‌లో పంపిన పాత స్క్రీన్‌షాట్ ఒప్పుకోవద్దు. మీ కళ్లముందే తీయించి, ఛాసిస్ నంబరు, తేదీ కనబడేలా ఫొటో తీసుకోండి.

అపోహ: పీడీకే (పోర్షా ఆటోమేటిక్) గేర్‌బాక్స్ అయితే రిపోర్టు అనవసరం.

ఇంజిన్ హద్దు దాటేలా ఉంటే పీడీకే కింది గేరుకు ఒప్పుకోదు, కాబట్టి ప్రమాదం చాలా తక్కువ. అయినా గంటల కోసం, ఛాసిస్ నంబరు కోసం తీయించండి.

అపోహ: కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) బాగుంటే పాత నమోదుతో పనిలేదు.

అనుమానం ఉన్న కారుకు కంప్రెషన్‌తో పాటు లీక్‌డౌన్ టెస్ట్ చేయించాలి. ప్లగ్ విప్పి, పిస్టన్ పైకొచ్చి వాల్వులన్నీ మూసుకున్న స్థితిలో గాలి పంపి ఎంత పోతోందో కొలుస్తారు. ఆరింటిలో ఒక్క సిలిండర్ మిగతావాటికి దూరంగా ఉంటే అక్కడే ఆగి చెవి పెట్టాలి: గాలి సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు. అయితే సాగిన రాడ్ బోల్టును ఈ టెస్టులేవీ పట్టుకోలేవు. అందుకే ఇటీవలి గంటల్లో రేంజి 5, 6 నమోదైన కారును, లీక్‌డౌన్ ఎంత చక్కగా వచ్చినా, ఇంజిన్ విప్పి చూసే ఖర్చు ధరలోంచి తగ్గిస్తే తప్ప తీసుకోవద్దు.