ఇంజిన్ వేడెక్కితే నీళ్లు పోయడమేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గడం మామూలే, అప్పుడప్పుడూ నీళ్లు పోసుకుంటే చాలు.

మామూలు కాదు. కూలెంట్ మూసి ఉన్న పైపుల్లో తిరుగుతుంది, పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. నెలనెలా పోయాల్సి వస్తోందంటే అది ఎక్కడికో పోతోంది. హోస్ క్లిప్పుల దగ్గర తెల్లటి లేదా రంగు మరకలు, వాటర్ పంపు కింద చిన్న రంధ్రం దగ్గర తడి, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచున చెమ్మ, డ్రైవర్ పక్కసీటు కింద తడిసిన కార్పెట్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్, అంటే హీటర్ కోర్ కారుతుంటే ఇలా అవుతుంది): ఈ నాలుగూ ముందు వెతకండి. బయట ఏమీ కనపడకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. రిజర్వాయర్‌లో (కూలెంట్ నిల్వ ఉండే డబ్బా) ఆగకుండా బుడగలు, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ, ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి జిగురు దాని గుర్తులు. అయితే చలిలో తక్కువ దూరాలే తిరిగే బండికి ఆ మీగడ ఊరికే కూడా పడుతుంది, దాన్ని చూసి హెడ్ విప్పించకండి. రేడియేటర్ మూతి దగ్గర గ్యాస్ లీక్ టెస్ట్ చేయించండి. ఆ టెస్టులో వాడే నీలం ద్రవం పసుపుకు తిరిగితే గ్యాస్కెట్ పోయిందనడంలో సందేహం లేదు.

అపోహ: థర్మోస్టాట్ పీకేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది.

చల్లగా ఉంటుంది, అదే చిక్కు. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు, దాదాపు 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునేలా తయారవుతుంది. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఇంధనం ఎక్కువ పంపుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అసలు లోపం రేడియేటర్ పూడికో పంపో అయితే అది అలాగే ఉండిపోతుంది. అనుమానముంటే థర్మోస్టాట్‌ను విప్పి, గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి వేడి చేయండి. దాని మీద అచ్చేసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. మరిగే నీళ్లలో కూడా కదలకపోతే మార్చేయండి.

అపోహ: నీళ్లు కలపని కూలెంట్ ఇంకా మంచిది.

వేడిని మోయడంలో నీళ్లే మేలు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ అనే ద్రవం పని గడ్డకట్టకుండా, త్వరగా మరగకుండా చూడటం. తుప్పు పట్టకుండా ఆపేవి అందులో కలిపిన రసాయనాలు. డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కలిపి అమ్మే డబ్బాలో మళ్లీ నీళ్లు పోయకండి. రంగు చూసి కొనకండి, ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి. కారు పుస్తకంలో రాసిన స్పెసిఫికేషనే లెక్క.

అపోహ: రేడియేటర్ మూత అంటే మూతే.

అది ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వు. చాలా కార్లలో సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది, దానివల్లే కూలెంట్ మరిగే డిగ్రీలు 120 దాటుతాయి. రబ్బరు వాషర్ ఎండి పగిలిందా, కూలెంట్ ముందే మరిగి పొంగుతుంది. జనం ఇంజిన్ విప్పించాక గానీ దీని వైపు చూడరు!

అపోహ: డాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపే ముల్లు మధ్యలో ఉంటే అంతా బాగున్నట్టే.

చాలా కార్లలో ముల్లు చిన్న మార్పులకు కదలదు, బాగా వేడెక్కాకే లేస్తుంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ గాలిలో ఉండి తక్కువ చూపే ప్రమాదమూ ఉంది. హీటర్ వేసినా చల్లగాలే వస్తూ ముల్లు పైకెక్కుతుంటే కూలెంట్ తగ్గిందనో, గాలి పట్టిందనో, పంపు తిప్పడం లేదనో అర్థం.

ఎప్పుడు వేడెక్కుతోందన్నదే పెద్ద ఆనవాలు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రమే అయితే ఫ్యాను, దాని రిలే, ఫ్యూజు చూడండి. వేగంగా వెళ్తున్నప్పుడు గాలి దానంతటదే తగులుతుంది కాబట్టి అప్పుడు కూడా ముల్లు లేస్తుంటే తప్పు రేడియేటర్ పూడికలోనో, పంపులోనో, తగ్గిన కూలెంట్‌లోనో ఉంటుంది.

అపోహ: పొగలు వస్తే వెంటనే రేడియేటర్ మూత తీసి చన్నీళ్లు పోయాలి.

చేతులూ ముఖమూ కాలేది ఇక్కడే. ముల్లు లేవడం మొదలవగానే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి, బ్లోయర్‌ను పూర్తి వేగానికి పెట్టి, పక్కకు తీయండి. ముల్లు ఎరుపుకు చేరినా, ఆవిరి కనిపించినా ఇంజిన్ ఆపేయండి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగి, పై హోస్ నొక్కితే మెత్తగా అనిపించాకే మందపాటి గుడ్డతో మూతను పావు వంతు తిప్పండి. సుయ్‌మన్న శబ్దం ఆగాక పూర్తిగా తీయండి. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పడితే హెడ్ పగలొచ్చు. కూలెంట్ పోసిన కాసేపటికే మట్టం మళ్లీ పడిపోతుంటే బండి నడపకండి, లాక్కెళ్లే వాహనం పిలవండి.