డెడ్‌పూల్ తరహా సినిమాలు: అపోహలు – వాస్తవాలు

సూపర్ హీరోలంటే జనానికి మొహం మొత్తిన మాట నిజమే. 2023లో ‘ది మార్వెల్స్’ ప్రపంచమంతా కలిపి 20 కోట్ల డాలర్ల చిల్లరతో సరిపెట్టుకుంది. మరుసటి ఏడాదే ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ 130 కోట్ల డాలర్లు దాటింది. అప్పట్నుంచి కథా చర్చల్లో అందరికీ డెడ్‌పూల్‌లా వెటకారం చేసే హీరోనే కావాలి.

అపోహ: బూతులు, నెత్తురు ఉంటే చాలు.

వాస్తవం: 2016 నాటి ‘డెడ్‌పూల్’ మొదటి భాగంలోంచి అవి తీసేసి చూడండి. క్యాన్సర్, పాడైపోయిన మొహం, ప్రియురాలి ముందుకు వెళ్లలేని సిగ్గు, పగ. అచ్చంగా పాతకాలపు మెలోడ్రామా! అందర్నీ వెక్కిరించే హీరో వెనెస్సా మీద ప్రేమను మాత్రం వెక్కిరించడు. అదీ వెక్కిరిస్తే క్లైమాక్స్‌లో ఆమెకేమైతే ఎవడికి కావాలి?

అపోహ: జోకులన్నీ సెట్లో అప్పటికప్పుడు పుట్టినవే.

వాస్తవం: అసలు సౌకర్యం హీరో మొహమంతా కప్పేసే మాస్క్. నోరు కనబడదు కాబట్టి షూటింగ్ అయ్యాక కూడా డైలాగ్ మార్చుకోవచ్చు. తల ఊపడం, చెయ్యి విసరడం మాత్రం ఫ్రేములో అలాగే ఉంటాయి. కొత్త డైలాగ్‌లో ఒత్తి పలికే మాట సరిగ్గా వాటి మీద పడాలి, లేకపోతే గొంతు ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది అనిపిస్తుంది. కళ్ల కదలికలు కూడా తర్వాత చేసినవే. తీసిన ఫ్రేమునే కంప్యూటర్లో వార్ప్ చేసి, అంటే సాగదీసి వంచి, వీటా డిజిటల్ అనే గ్రాఫిక్స్ సంస్థ వాళ్లు ఆ హావభావాలు తెచ్చారు.

తెలుగు డబ్బింగ్‌లో దెబ్బతినేదీ ఇక్కడే. ప, బ, మల దగ్గర పెదాలు కలపాల్సిన బెడద లేదు కదా అని వాక్యం సాగదీస్తారు. జోకు తర్వాత నవ్వుకోవడానికి వదిలిన ఖాళీ కాస్తా నిండిపోతుంది, తర్వాతి డైలాగ్ హాల్లో నవ్వుల్లో కొట్టుకుపోతుంది. మాస్క్ తీసిన షాట్ వస్తే మళ్లీ పెదాల లెక్కే.

అపోహ: డబ్బు కుమ్మరిస్తేనే అవుతుంది.

వాస్తవం: మొదటి భాగం బడ్జెట్ 5.8 కోట్ల డాలర్లు, ఈ జానర్‌లో చాలా తక్కువ. చివర్లో కోత కూడా పడింది. క్లైమాక్స్‌లో అనుకున్న తుపాకుల పోరాటం తీసే స్తోమత లేక, హీరో ఆయుధాల సంచి ట్యాక్సీలో మర్చిపోయినట్టు రాసేశారు. ఎక్స్-మెన్ అనే సూపర్ హీరోల బృందం ఉండే అంత పెద్ద భవనంలో ఇద్దరే ఎందుకున్నారన్నది కూడా స్టూడియో పిసినారితనం మీద జోకైంది.

అపోహ: కెమెరా వైపు తిరిగి మాట్లాడితే ఎక్కడైనా పండుతుంది.

వాస్తవం: 1991లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు డెడ్‌పూల్‌కి ఆ అలవాటే లేదు, తర్వాత అబ్బింది. ఆ మాటలకు పక్కనే ఏదో ఒక పని నడుస్తుండాలి. వంతెన మీది ఫైట్‌లో అతని దగ్గరున్నవి 12 తూటాలే. వాగుతూనే లెక్కపెడుతుంటాడు, మనమూ లెక్కపెడుతుంటాం.