నిజాంపట్నం రేవు నుంచి బాందా దీవుల దాకా: ఆసియా వలసపాలన పేపర్ వెనక కథ

గుంటూరు, విజయవాడ ప్రాంతంలో ఎం.ఏ. చరిత్ర చెప్పేవారి చేతికి ఆసియా వలసపాలన తరచూ రెండు ముక్కలుగా వస్తుంది. ఒకటి బ్రిటిష్ ఇండియా, మరొకటి చైనా, జపాన్‌లతో ‘దూరప్రాచ్యం’. జావా, వియత్నాం, ఫిలిప్పీన్స్ మధ్య సందులో జారిపోతాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మద్రాసు నుంచి విడివడి బెజవాడలో మొదలైంది, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. ‘దూరప్రాచ్యం’ అన్న మాట మాత్రం పోలేదు. అది లండన్‌కు దూరం. మనకు బంగాళాఖాతం ఆవలి గట్టు, అంతే.

కోర్సును ఆ గట్టు నుంచే ఎత్తుకోవాలి. డచ్చివాళ్లు 1605లో మచిలీపట్నంలో, మరుసటి ఏడాది నిజాంపట్నంలో దిగింది ఇక్కడి బట్ట కోసం. చిరివేరుతో అద్దిన ఎర్రటి బట్టలిస్తేనే ఇప్పటి ఇండోనేషియాలోని మసాలా దీవులవాళ్లు జాజికాయ, లవంగం అమ్మేవారు. ఆ బేరం చాలక 1621లో డచ్చివాళ్లు ఆ దీవుల్లోనే జాజికాయ పండే బాందా దీవుల జనాన్ని చాలావరకు తుడిచిపెట్టారు. పదిహేను వారాల సెమిస్టర్‌లో మొదటి మూడు వారాలు ఈ బట్ట–జాజికాయ లెక్కకే ఇస్తే, తర్వాతవి వాటంతటవే ముడిపడతాయి.

నాలుగు వారాలు పట్టే అసలు భాగం 1830ల నాటిది. జావాలో డచ్చి పాలకులు 1830 నుంచి ఊరి భూమిలో ఐదో వంతు కాఫీ, చెరకు, నీలిమందు వంటి ఎగుమతి పంటలకు కేటాయించాలన్నారు. ఆచరణలో చాలాచోట్ల అది దాటింది. గుంటూరులో 1802 శాశ్వత పరిష్కారం జమీందారు కట్టాల్సిన పేష్కషును నగదులో బిగించింది. నందన సంవత్సరం, 1832–33లో వాన ముఖం చాటేసింది. దాదాపు 5 లక్షల జనాభాలో 1.5 నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. అదే డొక్కల కరువు. జావాలో దెమాక్, గ్రోబొగన్ ప్రాంతాల కరువు 1849–50లో వచ్చింది.

విద్యార్థి జారిపడేది ఇక్కడే. ‘వానల్లేక కరువు’ అని ఒక్క వాక్యంతో ముగిస్తాడు. వాన లేకపోవడం ఒక సగం. రెండో సగం ఒకచోట నగదు శిస్తు, మరోచోట వరి నుంచి గుంజుకున్న శ్రమ. రెండు కరువులనూ ఒకే పట్టికలో పక్కపక్కన రాయించాలి: సర్కారు అడిగిందేమిటి, ఎవరి ద్వారా, పంట పోతే నష్టం ఎవరిది? ఆ పట్టికలోనే 1852–55 నాటి బెజవాడ ఆనకట్టకూ, 1865 నీటితీరువా చట్టానికీ చోటివ్వాలి. కాటన్ దొర మీద ఊళ్లకున్న కృతజ్ఞత నిజమే, నీటికి వేసిన పన్నూ నిజమే.

నల్లమందు, చైనా యుద్ధాలు, రంగూన్ రేవుకు వెళ్లిన, అక్కడ ‘కోరంగీ’లని పిలిచిన మన తెలుగు కూలీలు, కొరియాలో జపాన్, ఇవన్నీ మిగిలిన వారాల్లో సరిపోతాయి.

రికార్డుల దగ్గర రెండు చిక్కులున్నాయి. పాత లెక్కల్లో ఉండేది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, ఫసలీ 1242 అంటే 1832–33. ఇక 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణాలో కలిపారు, 1904లో మళ్లీ విడదీశారు. ఆ నలభై అయిదేళ్ల గుంటూరు కాగితాలను ‘కిస్ట్నా’ (ఇంగ్లిషువాళ్లు కృష్ణాను రాసిన తీరు) కింద వెతకాలి. ఆ సంగతి మొదటి వారమే చెప్పకపోతే, పిల్లలు ఖాళీ చేతులతో తిరిగొచ్చి ‘ఏమీ దొరకలేదు సార్’ అంటారు.