నలభై దాటాక సంగీతం: అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి కర్ణాటక సంగీతం నేర్చుకుందామని వచ్చే పెద్దవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒకటే: "ఈ వయసులో వస్తుందాండీ?" చిన్నప్పుడు కుదరలేదు, పిల్లల చదువులతో ఇన్నేళ్లూ గడిచిపోయాయి, ఇప్పుడైనా తమకంటూ ఏదైనా నేర్చుకోవాలని వస్తారు. ఆ కోరిక చాలా విలువైంది. లేనిపోని మాటలు విని దాన్ని వదులుకోవద్దు.

అపోహ: వయసు మళ్లితే గొంతు పలకదు.

వాస్తవం: పలుకుతుంది. శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్థాయి, మార్చుకోవాలి, అంతే. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్ల గొంతు కాస్త కిందికి దిగడం మామూలే. ఒకప్పుడు ఐదున్నర శ్రుతిలో పాడానని ఇప్పుడూ అక్కడే పట్టుబడితే పై షడ్జమం (పై స) దగ్గర గొంతు బిగుసుకుపోతుంది. నాలుగున్నరకో, నాలుగుకో దింపి చూడండి.

అపోహ: సరళీ స్వరాలు (స-రి-గ-మ తొలి పాఠాలు) పిల్లలకి. మాకు నేరుగా కీర్తనలు చెప్పేయండి.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించేది ఇక్కడే. తొలి పాఠాలకి మాయామాళవగౌళ రాగాన్ని ఊరికే పెట్టలేదు. అందులో స-రి, గ-మ, ప-ద, ని-స పక్కపక్కనే ఉంటాయి. రి-గ, ద-ని మధ్య ఎడం ఎక్కువ. పూర్వాంగం (స-రి-గ-మ) ఎలా ఉంటుందో ఉత్తరాంగమూ (ప-ద-ని-స) అలాగే ఉంటుంది. దగ్గరి స్వరానికీ దూరపు స్వరానికీ వెళ్లడం గొంతుకి ఒకే రాగంలో అలవాటవుతుంది.

పెద్దవాళ్లకి అసలు చిక్కు తాళంతో. ఆది తాళంలో ఒకటో కాలం (వేగం) దెబ్బకో స్వరం, రెండో కాలం రెండు, మూడో కాలం నాలుగు. రెండో కాలానికి రాగానే నోటితో పాటు చెయ్యీ పరిగెడుతుంది. అప్పుడు పాడటం ఆపేసి, ఉత్త తాళం రెండు ఆవర్తాలు (పూర్తి చుట్లు) వేసి, మళ్లీ అందుకోండి. ఇది కుదిరాక కీర్తన నేర్చుకుంటే నిలుస్తుంది.

అపోహ: రోజూ గంటలు గంటలు సాధన చేయాలి.

వాస్తవం: శ్రుతి వినిపించే తంబూరా యాప్ పెట్టుకుని రోజూ ఇరవై నిమిషాలు పాడితే చాలు. వారమంతా మానేసి ఆదివారం రెండు గంటలు పాడితే గొంతు నొప్పి తప్ప ఏమీ రాదు.

అపోహ: కచేరీ చేయనప్పుడు నేర్చుకుని ఏం లాభం?

వాస్తవం: వినడమే మారిపోతుంది. ఎన్నోసార్లు విన్న ఆలాపనలోనే ఫలానా చోట గాంధారం (గ) మీద నిలబడ్డారని మీ అంతట మీకు తెలిసిన రోజు కలిగే ఆనందం వేరు. నలుగురితో కలిసి పాడాలనుంటే, త్యాగరాజ ఆరాధన రోజున చాలా ఊళ్లలో ఆయన పంచరత్న కీర్తనల గోష్ఠి (అందరూ కలిసి పాడటం) జరుగుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగ కీర్తనలవి. సరళీ స్వరాల తర్వాతి పాఠాలైన గీతాలు, వర్ణాలు పూర్తయ్యాక మొదలుపెట్టండి. ముందు నాట ఒక్కటీ బాగా వచ్చినా వెళ్లి కూర్చోవచ్చు.