దీవి ఎంత పెద్దదో చూసి జనం ఎంతమందో చెప్పలేం

శ్రీకాకుళం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఆసియా పటం ముందు వేసుకోండి. బోర్నియో కనిపించిందా? దాని కిందనే తూర్పు పడమరలుగా సన్నగా సాగిన దీవి జావా. బోర్నియో విస్తీర్ణం సుమారు 7 లక్షల 43 వేల చదరపు కిలోమీటర్లు. జావా 1 లక్షా 30 వేలకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక్క బోర్నియోలో అయిదు జావాలు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఇప్పుడు జనం సంగతి చూడండి. 2020 జనాభా లెక్కల్లో జావాలో 15 కోట్ల 16 లక్షల మంది తేలారు. బోర్నియోను ఇండోనేషియా, మలేషియా, బ్రూనై పంచుకున్నాయి. ఆ మూడు దేశాల భాగాలూ కలిపినా జనం 2 కోట్ల 30 లక్షలకు దగ్గర్లోనే ఆగుతారు. మన ఆంధ్రప్రదేశ్ కూడా జావా కంటే పెద్దదే, 2011లో మనం అయిదు కోట్ల లోపే ఉన్నాం.

పెద్ద దీవిలో జనం తక్కువ, చిన్న దీవిలో ఎక్కువ. ఇలా ఎందుకయిందో తెలియాలంటే ముందు అక్కడివాళ్ళు ఏం తింటున్నారు, ఆ తిండి ఎక్కడ పండుతోంది అని అడగాలి.

జావాలో ఈ కొస నుంచి ఆ కొస దాకా అగ్నిపర్వతాలు వరసగా ఉన్నాయి. మెరాపి, సెమేరు వంటివి ఇప్పటికీ బూడిద కక్కుతున్నాయి. ఆ బూడిద వానకు తడిసి శిథిలమైనప్పుడు అందులోని పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం మట్టిలో కలుస్తాయి. కొండల మీద పడ్డ వాన సెలయేరులుగా, కాలువలుగా మళ్ళలోకి దిగుతుంది. ఏటా రెండు వరి పంటలు, నీరు బాగా అందే చోట మూడోదీ తీస్తారు. కొద్ది మడిచెక్కే ఒక కుటుంబాన్ని పోషిస్తుంది.

బోర్నియోలో ఆ అగ్నిపర్వతాల వరస లేదు. ఎడతెగని వానకు మట్టిలోని సారం యుగాలుగా కొట్టుకుపోయింది. పైన చూస్తే ఆకాశాన్నంటే అడవి, కింద మట్టిలో సత్తువ మాత్రం తక్కువ. ఉన్న బలమంతా రాలిన ఆకుల్లోనూ చెట్లలోనూ ఉంటుంది. అడవి నరికి కాలిస్తే ఆ బూడిద బలంతో ఒకటి రెండేళ్ళు పంట వస్తుంది. ఆ తర్వాత ఆ నేలను వదిలేసి మరో చోటికి పోవాలి. మన సీతంపేట కొండల్లో సవరలు చేసే పోడు మీకు తెలుసు కదా, ఇదీ ఆ పద్ధతే. రెండేళ్ళు పండించి పదేళ్ళు వదలాలంటే, సాగులో ఉన్న ప్రతి ఎకరాకూ అయిదెకరాలు ఖాళీగా ఉండాలి. అలాంటి నేల మీద ఊళ్ళు ఎడంగానే ఉంటాయి. అది అక్కడివాళ్ళ సోమరితనం అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ నేల మోయగలిగినంత జనమే అక్కడ ఉన్నారు.

ఈ సంగతి పట్టించుకోకపోతే ఏమవుతుందో బోర్నియోలోనే ఒకసారి తేలిపోయింది. 1990ల నడిమిలో ఇండోనేషియా ప్రభుత్వం బోర్నియోలోని తన భాగంలో పది లక్షల హెక్టార్లలో, అంటే దాదాపు పాతిక లక్షల ఎకరాల్లో వరి పండించాలని తలపెట్టింది. జావా నుంచి కుటుంబాలను తీసుకెళ్ళింది. ఆ నేల మామూలు మట్టి కాదు. వేల ఏళ్ళుగా నీటిలో నాని, సగం కుళ్ళి, మీటర్ల మందాన పేరుకుపోయిన చెట్ల చెత్త అది. నీరు తీయడానికి వేల కిలోమీటర్ల కాలువలు తవ్వేసరికి అది ఎండి కుంగిపోయింది, పులుపెక్కింది, వరి పండలేదు. 1997లో వానలు ముఖం చాటేస్తే ఆ ఎండిన నేలకే నిప్పంటుకుంది. పొగ సింగపూర్, మలేషియాల దాకా కమ్మింది. తర్వాత ఆ పథకాన్ని వదిలేశారు.

అయితే అంతా మట్టి మహిమే అనుకోకండి. 1815లో జావాను ఇంగ్లీషువాళ్ళు ఏలుతున్నప్పుడు తీసిన లెక్కలో జనం 46 లక్షలు. అది తక్కువగా పడిందని చరిత్రకారులు అంటారు, అయినా అప్పటికీ ఇప్పటికీ తేడా ఎంతో చూడండి. ఆ అగ్నిపర్వతాలు అప్పుడూ ఉన్నాయి. మధ్యలో మశూచికి టీకాలు వచ్చాయి, సాగునీటి కాలువలు, రోడ్లు, రైళ్ళు వచ్చాయి, ఆ తర్వాత పట్నాలూ ఫ్యాక్టరీలూ పెరిగాయి. మంచి నేల జనం పెరగడానికి వీలు కల్పించింది, పెంచినవి ఇవన్నీ.

జపాన్ సంగతి త్వరగా చెప్తాను. హోన్షూ దీవిలో 10 కోట్లకు పైగా జనం ఉన్నారు. చదరపు కిలోమీటరుకు సుమారు 450 మంది. 2011లో మన శ్రీకాకుళం జిల్లా జనసాంద్రత 463, అంటే ఇంచుమించు సమానం. కానీ హోన్షూ నడుమ అంతా కొండలే కాబట్టి జనమంతా తీరంలోని మైదానాల్లో కిక్కిరిసి ఉంటారు. ఉత్తరాన హొక్కైడోలో చలి, మంచు ఎక్కువ. అక్కడికి జపాన్ ప్రభుత్వం పెద్ద ఎత్తున రైతులను పంపింది 1869 తర్వాతనే. అందుకే అక్కడ చదరపు కిలోమీటరుకు 60 పైచిలుకు మందే.

ఇక చిన్న దీవులు. ఇక్కడ నేల కంటే ముందు మంచినీళ్ళ సంగతి చూడాలి.

మన తీరంలో సముద్రానికి కాస్త ఎడంగా ఇసుక దిబ్బల్లో నుయ్యి తవ్వితే తియ్యటి నీళ్ళు పడతాయి. పక్కనే ఉప్పు సముద్రం పెట్టుకుని ఇవెక్కడివి? వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు మంచినీటి కంటే కొంచెం బరువు. మంచినీరు 1000 కిలోలు తూగే చోట సముద్రపు నీరు 1025 కిలోలు తూగుతుంది. ఆ తేడా వల్ల, సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. ఇప్పుడు దీన్ని తిరగేసి ఆలోచించండి. మోటారు పెట్టి తోడి, పైమట్టాన్ని ఒక్క అడుగు దించి అలాగే ఉంచితే, కింద ఉప్పునీరు క్రమంగా 40 అడుగులు పైకి లేస్తుంది. నుయ్యి ఉప్పబారుతుంది. మళ్ళీ తీపి కావాలంటే ఎన్నో వానాకాలాలు గడవాలి. మన ఊళ్ళో అయితే పక్క ఊరి నుంచో ఏటి నుంచో నీళ్ళు తెచ్చుకుంటాం. నాలుగు వైపులా సముద్రం ఉన్న పగడపు దీవికి ఆ దారి లేదు.

లక్షద్వీప్‌లో 36 దీవులుంటే జనం ఉండేవి పదే. 2011లో ఆ పదింటిలో కలిపి 64,473 మంది. కవరత్తిలో 11 వేల పైచిలుకు, బిత్రాలో 271 మంది. బిత్రా మొత్తం పాతిక ఎకరాలకు కాస్త ఎక్కువ. 271 అనగానే దీవి ఖాళీగా ఉందనిపిస్తుంది. కానీ భాగించి చూడండి, చదరపు కిలోమీటరుకు 2,500 దాటుతుంది. జావాలో ఆ లెక్క 1,100 పైచిలుకే. అంటే జావా కంటే బిత్రాలోనే ఇరుకెక్కువ! కవరత్తిలో 2005లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు పెట్టారు. రోజుకు లక్ష లీటర్లు. అలాంటివి లేకుండా చిన్న దీవిలో జనం ఓ హద్దు దాటి పెరగలేరు.

ఆ హద్దు దాటిన చోటు మాల్దీవుల రాజధాని మాలె. సుమారు రెండు చదరపు కిలోమీటర్ల దీవిలో లక్షకు పైగా జనం. తాగేది యంత్రాలు శుద్ధి చేసిన సముద్రపు నీరే. 2014 డిసెంబరు 4న ఆ ప్లాంటులో మంటలు లేచి, ఊరంతటికీ కుళాయిలు ఆగిపోయాయి. మన దేశం విమానాల్లో, ఓడల్లో నీళ్ళు పంపింది.

తిండీ నీళ్ళూ రెండూ బయటి నుంచే వచ్చే దీవిలో జనాన్ని నిలిపేది పని. నాగసాకి దగ్గర హషిమా అనే దీవి ఉంది. మొత్తం 6.3 హెక్టార్లు, అంటే పదిహేనున్నర ఎకరాలు. మన దగ్గర ఒక మోతుబరి రైతు పొలమంత. సముద్రం అడుగున బొగ్గు ఉందని అక్కడ గనులు తవ్వారు. చుట్టూ గోడ కట్టి, కాంక్రీటు మేడలు లేపారు. బడి, ఆసుపత్రి, అంగళ్ళు అన్నీ ఆ ఇరుకులోనే. మట్టి లేదు కనుక ఒడ్డు నుంచి తెచ్చి మేడల పైకప్పుల మీద పోసి కూరగాయలు వేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొరియా, చైనాల నుంచి మనుషులను బలవంతంగా తెచ్చి ఆ గనుల్లో దించారు. ఆ దీవి గురించి చెప్పినప్పుడు ఈ సంగతి వదిలేయకూడదు. 1959లో అక్కడ 5,259 మంది. చదరపు కిలోమీటరుకు కడితే 83 వేలు దాటుతుంది. తర్వాత బొగ్గు స్థానంలో పెట్రోలియం వచ్చింది. 1974 జనవరిలో గని మూశారు. ఏప్రిల్ 20 నాటికి దీవి మీద ఒక్కరూ లేరు.

సింగపూర్ కూడా బయటి తిండి మీద, పొరుగునున్న జోహోర్ నుంచి గొట్టాల్లో వచ్చే నీటి మీద పెరిగిందే. అయితే అక్కడ పని ఒక్క గని మీద ఆధారపడలేదు. ఓడరేవు, ఫ్యాక్టరీలు, బ్యాంకులు, ఒకటి తగ్గితే ఇంకొకటి ఉంది. సముద్రాన్ని పూడ్చి నేలనే పెంచుకున్నారు. 1960ల్లో 581 చదరపు కిలోమీటర్లున్నది ఇప్పుడు 735 దాకా వచ్చింది. 2024లో జనం 60 లక్షల పైచిలుకు.

తుపాను, సునామీ వస్తే దీవులు ఖాళీ అవుతాయా అంటే, అన్నీ కావు. బంగ్లాదేశ్‌లోని భోలా దీవి 1970 నవంబరు తుపానులో నాశనమైంది. ఆ దీవి ఉన్న గంగా బ్రహ్మపుత్రల డెల్టా మొత్తంలో కనీసం మూడు లక్షల మంది పోయారు. అయినా ఏరు తెచ్చే ఒండ్రు మీద వరి పండుతోంది కాబట్టి జనం నిలిచారు. 2011లో భోలా జిల్లాలో 17 లక్షలు దాటి ఉన్నారు. నికోబార్‌లోని ట్రింకెట్‌ను 2004 డిసెంబరు 26 సునామీ ముక్కలు చేసింది. తోటలు, ఊళ్ళు పోయాయి, మిగిలినవాళ్ళను పక్కనున్న కమోర్టాకు చేర్చారు. నికోబార్ జిల్లా జనం 2001లో 42,068 ఉంటే 2011లో 36,842కి తగ్గారు. ఎంతమంది పోయారన్నదానితో పాటు, బతికినవాళ్ళకు సాగు నేల మిగిలిందా లేదా అన్నది చూడాలి.

అండమాన్ గురించి మీకు ఎలాగూ ఆసక్తి ఉంటుంది, మన వైపు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డవాళ్ళు చాలామంది. 2011లో ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అండమాన్, నికోబార్ కలిపి 3,80,581 మంది, చదరపు కిలోమీటరుకు 46. అక్కడ వాన కొరత లేదు, నేల కొరతా లేదు. నేలలో చాలా భాగం రక్షిత అడవి, ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం కావడం వల్ల జనం తక్కువ. అది అలాగే ఉండాలన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు మీ నోటు పుస్తకంలో పట్టిక ఎలా గీయాలో చెప్తాను. దీవి పేరు, విస్తీర్ణం, జనాభా, సంవత్సరం, జనసాంద్రత, తాగునీరు ఎక్కడిది, ముఖ్యమైన పని ఏది. ఏడు గడులు. సంవత్సరం గడి ఖాళీగా వదలకండి. ఒక దీవికి 2011, ఇంకోదానికి 2020 అంకె వేసి పోలిస్తే తేడా కొంత అక్కడే వచ్చేస్తుంది. జనాభా ఏ హద్దులకు ఇచ్చారో చూడండి. జావా అంకెలో పక్కనున్న మదుర దీవి కలిసి ఉంటుంది. మన జిల్లానే తీసుకోండి, 2011 లెక్కలో పాలకొండ, రాజాం శ్రీకాకుళంలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక పాలకొండ పార్వతీపురం మన్యానికి, రాజాం విజయనగరానికి వెళ్ళాయి. పాత జనాన్ని కొత్త విస్తీర్ణంతో భాగిస్తే తప్పు లెక్క వస్తుంది. విస్తీర్ణం కూడా స్థిరం కాదు. బ్రహ్మపుత్ర కోత వల్ల అస్సాంలోని మజులీ దీవి వందేళ్ళలో సగానికి పైగా తరిగింది.

ఉత్తర సెంటినెల్ దీవిని పట్టికలో చేర్చాలనుకుంటే జనాభా గడిలో పెన్సిల్‌తో రాయండి. అక్కడి ఆదివాసులు బయటివాళ్ళను రానివ్వరు, వెళ్ళడమూ నిషేధం. 2001లో 39 అనీ 2011లో 15 అనీ నమోదైనవి దూరం నుంచి చూసి వేసుకున్నవే. జనం తగ్గారని దాన్నిబట్టి రాయకండి. తీరంలో ఆ పూట కనబడ్డవాళ్ళు అంతమంది అని మాత్రమే రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య