మిద్దె మీది కలబందకు వైద్యం

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు అవ్వ ఆశీర్వదించి రాయునది.

మీరు పంపిన ఫోటో చూశాను. పాత పెయింటు బకెట్టు, అందులో రాయిలా బిగుసుకున్న మట్టి, దాని మీద ఒక పక్కకు వాలిపోయిన కలబంద. మట్టలు సన్నబడి అంచులు లోపలికి ముడుచుకున్నాయి, చివర్లు గోధుమరంగుకు తిరిగాయి. చచ్చిపోయిందని పారేయకండి. అట్లని ఈ ఉత్తరం చదవడం అయ్యేలోపు చెంబెడు నీళ్ళు కూడా పోయొద్దు. కలబంద ఎండకు చచ్చేది తక్కువ, అయ్యో ఎండిపోయిందే అని ఒక్కసారిగా పోసే నీళ్ళకు చచ్చేది ఎక్కువ.

ఎందుకంటే, మట్టలోని గుజ్జులో నూటికి 98 వంతులు నీళ్ళే. వాన లేనన్నాళ్ళూ కలబంద ఆ నిల్వతోనే బతుకుతుంది. మిగతా చెట్లలా పగలు ఆకు రంధ్రాలు తెరవదు. రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడు పీల్చుకుంటుంది, దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, తెల్లారాక రంధ్రాలు మూసుకుని ఆ నిల్వతో ఎండలో ఆహారం తయారుచేసుకుంటుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కూడా అది నిలబడేది ఇందుకే. కానీ కరువు మరీ ముదిరితే నీళ్ళు పీల్చే సన్నవేళ్ళను ఎండగొట్టుకుంటుంది. అప్పుడు బకెట్టు నిండా పోశామనుకోండి, తాగడానికి వేరు లేదు. చచ్చిన వేళ్ళు ఆ తడిలో నాని కుళ్ళుతాయి, కుళ్ళు కాండంలోకి ఎగబాకుతుంది. మీ బకెట్టుకు అడుగున రంధ్రం కూడా ఉన్నట్టు లేదు.

ముందు రోగమేదో తేల్చుకోవాలి. మట్టను వేళ్ళ మధ్య పట్టి నొక్కండి. పల్చగా, తోలులా వంగితే దాహం. మెత్తగా, నీరుపట్టినట్టు పారదర్శకంగా ఉండి, మట్ట మొదలు దగ్గర గోధుమరంగుకు తిరిగి కంపు కొడుతుంటే కుళ్ళు. పాలిపోయి, పొడుగ్గా సాగి, బరువు ఆపలేక వాలితే వెలుతురు చాలలేదు. గట్టిగానే ఉండి ఎర్రగా మారితే ఎండ ఎక్కువైంది, అది పెద్ద జబ్బు కాదు, నీడకు జరిపితే వారాల్లో మళ్ళీ పచ్చబడుతుంది. ఫోటోను బట్టి మీ చెట్టుది దాహమే. వేళ్ళ సంగతి మాత్రం పెరికి చూస్తేగానీ తెలీదు.

పెరికేటప్పుడు మట్టలు పట్టి లాగొద్దు, విరుగుతాయి. బకెట్టును పడుకోబెట్టి చుట్టూ అరచేత్తో తట్టండి, గోడవెంబడి పాత కత్తి దింపి తిప్పండి, మొదలు పట్టుకుని మట్టిగడ్డతో సహా బయటికి జార్చండి. పాత పేపరు మీద పెట్టి మట్టిని చేతివేళ్ళతో నలిపి రాల్చండి, నీళ్ళతో కడగొద్దు. ఇప్పుడు ఒక్కొక్క వేరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా లాగి చూడండి. బతికున్న వేరు గట్టిగా ఉంటుంది, తెలుపుకో లేత పసుపుకో తిరిగి ఉంటుంది. చచ్చిన వేరు పైతొక్క ఊడి చేతికొస్తుంది, లోపల దారప్పోగులాంటి నార ఒక్కటే మిగులుతుంది. అట్లాంటివన్నీ మొదలుదాకా కత్తిరించేయండి. కొత్త బ్లేడు తీసుకోండి, స్పిరిటుతో తుడవండి, కోతకోతకూ మళ్ళీ తుడవండి.

కాండం అడుగున మెత్తబడి ఉంటే అక్కడా కోయాలి. చిల్లర పైస మందాన పలుచగా కోసుకుంటూ పైకి పోండి. కోతలో గోధుమరంగు చుక్క ఒక్కటి అగుపించినా ఇంకో ముక్క తీయాలి. ఆ ఒక్క చుక్కను వదిలేస్తే చెట్టంతా పోవచ్చు. కోత మొత్తం తెల్లగానో లేత పచ్చగానో తేలితే ఆపండి. వేరు ఒక్కటీ మిగలకపోయినా భయం లేదు, కాండం గట్టిగా ఉంటే అది మళ్ళీ వేళ్ళు దింపుతుంది. ఉత్త మట్టను నాటితే మాత్రం వేరు రాదు, కుళ్ళుతుంది. తెగిపడిన మట్టలను మట్టిలో గుచ్చి ఎదురుచూడకండి.

తరవాత చెయ్యాల్సింది ఆరబెట్టడం. చాలామంది ఓపిక పట్టనిది ఇక్కడే. వేళ్ళు మాత్రమే కత్తిరించి ఉంటే మూడు రోజులు, కాండం కోసి ఉంటే వారం, లావు కాండమైతే పది రోజులు. గాలి ఆడే నీడలో, ఖాళీ కుండీలోనో గ్లాసులోనో నిలబెట్టండి. పడుకోబెడితే కొన మళ్ళీ పైకి లేచి చెట్టు వంకర తిరుగుతుంది. కోసిన చోట గోరుతో తాకితే పొడిగా, గట్టిగా పొర కట్టి ఉండాలి. పసుపు అద్దడం మన ఇళ్ళలో అలవాటు, అద్దినా తప్పేమీ లేదు, కానీ పసుపు అద్దాం కదా అని రెండు రోజులు ముందుగా నాటేస్తే మోసపోతారు.

ఆరేలోపు కుండీ, మట్టి సిద్ధం చేసుకోండి. మట్టికుండీయే కావాలి, దాని గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది. మీ చెట్టుకు 6 అంగుళాలది, మహా అయితే 8 అంగుళాలది చాలు. పెద్ద కుండీలో హాయిగా పెరుగుతుందని అనుకోకండి. వేరు అందని మట్టిలో తడి నిలిచిపోతుంది, కుళ్ళు అక్కడ మొదలవుతుంది. అడుగున బొటనవేలంత రంధ్రం ఉండాలి, దాని మీద ఒక్క పెంకుముక్క బోర్లించండి. అడుగున రెండు అంగుళాలు గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయని నర్సరీవాళ్ళు కూడా చెప్తారు. నిజానికి నీళ్ళు మట్టిలోంచి రాళ్ళలోకి సులువుగా దిగవు, ఆ రాళ్ళ పైఅంచునే ఆగి తడిపొర కడతాయి. కుండీలోతు తగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మట్టికి కొలత ఇది: ఎర్రమట్టి రెండు డబ్బాలు, గరుకు ఏటి ఇసుక రెండు డబ్బాలు, శనగగింజంత ఇటుకముక్కలు ఒక డబ్బా, బాగా మాగిన పశువుల ఎరువు అర డబ్బా. మన చుట్టుపక్కల ఎర్రమట్టికి కొదవ లేదు, కానీ ఒట్టి ఎర్రమట్టి ఒక్క ఎండకే బిగిసిపోతుంది, మీ బకెట్టులో జరిగింది అదే. ఇల్లు కట్టేచోట మిగిలిన ఇసుక తెచ్చుకుంటే సిమెంటు కలవనిది చూసి, రెండుసార్లు కడిగి ఆరబెట్టుకోండి. ఎం-శాండ్, అంటే రాతిని నలిపి చేసిన ఇసుక అయితే, అందులోని సన్నపొడి పోయేదాకా కడగాలి. అంతా కలిపాక కొంచెం తడిపి గుప్పిట్లో నొక్కండి. చెయ్యి తెరవగానే విడిపోవాలి. ముద్దగా నిలిస్తే ఇంకో డబ్బా ఇసుక.

పొడిమట్టిలోనే నాటండి. కింది మట్ట మొదలు దాకా మట్టి రావాలి, నడిమి మొవ్వులో మట్టి పడకూడదు. వేళ్ళు లేని చెట్టు ఊగుతుంది కాబట్టి మూడు వైపులా రాళ్ళు ఆనించండి. ఊగుతూ ఉంటే కొత్త వేరు పుట్టినట్టే పుట్టి తెగిపోతుంది.

ఇక నీళ్ళు. వేళ్ళు మిగిలి ఉన్న చెట్టుకు నాటిన ఐదో రోజున, వేళ్ళు లేనిదానికి పది రోజుల తరవాత. పోసేటప్పుడు పిసినారితనం వద్దు, అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. 8 అంగుళాల కుండీకి ముప్పావు లీటరు పడుతుంది. కింద పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయండి. మళ్ళీ ఎప్పుడన్నది క్యాలెండరు చూసి కాదు. చీపురుపుల్లను రెండు అంగుళాల లోతు గుచ్చి తీయండి, మట్టి అంటుకుంటే ఇంకా టైముంది. కుండీని ఎత్తి చూడటం కూడా నేర్చుకోండి, ఆరిన కుండీ తేలిగ్గా వస్తుంది. లెక్కకు చెప్పాలంటే ఏప్రిల్, మే నెలల్లో వారం పది రోజులకొకసారి, చలికాలంలో మూడు వారాలకొకసారి. రోజూ చారెడు చల్లడం అన్నిటికన్నా చెడ్డది, పైమట్టి తడుస్తుంది, వేరుకు అందదు.

మన దగ్గర అసలు గండం ఎండాకాలం కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు, వెనకే తుఫాన్లు. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ పొడ లేకపోతే కుండీ ఆరదు. దీపావళి ముందే చూరు కిందికి జరిపేయండి, వాన ఆగేదాకా నీళ్ళ మాటే ఎత్తొద్దు.

బోరు నీళ్ళు పోసేవాళ్ళకు ఇంకో మాట. కుండీ అంచున, మట్టి మీద తెల్లగా పొర కడితే అది ఉప్పు. మట్టల కొసలు ఎండటానికి అదీ ఒక కారణం. వాన నీళ్ళు పట్టుకుని నెలకొకసారి కుండీ కడుపారా పోసి కిందికి కారిపోనిస్తే ఉప్పు దిగిపోతుంది.

నాటాక రెండు వారాలు వెలుతురున్న నీడలో ఉంచండి. తరవాత తూర్పు వైపు, పొద్దున తొమ్మిదింటి దాకా ఎండ తగిలేచోట. మిద్దె మీద సిమెంటు నేల కాలిపోతుంది, కుండీని నేలకు ఆనించకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. ముడుచుకున్న మట్టలను కోయకండి, చెట్టు కోలుకునే దాకా తినేది వాటినే. గలగలమని పూర్తిగా ఎండినవి మాత్రం తీసేయొచ్చు. ఎండిన కొస మళ్ళీ పచ్చబడదు, దాని కోసం దిగులు పడొద్దు. మూడు నెలలు ఎరువు వేయొద్దు.

రెండు మూడు వారాల్లో మట్టలు మళ్ళీ నిండుగా ఉబ్బడం మొదలవుతుంది. మొవ్వులో లేత మట్ట తొంగిచూస్తే వేరు పట్టినట్టే. అనుమానంగా ఉంటే మొదలు పట్టి కొంచెం కదిపి చూడండి, బిగువు తెలుస్తుంది. చీమలు ఎక్కిదిగుతుంటే మట్టల సందుల్లో పిండినల్లి ఉందేమో వెతకండి, దూదిలా తెల్లగా ఉంటుంది. స్పిరిటులో ముంచిన దూదితో తుడిచేయండి. మిగిలితే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు కలిపి పొద్దుగూకాక చల్లండి. ఎండలో చల్లితే మచ్చలు పడతాయి.

వాకిట్లో దిష్టికి తలకిందులుగా కట్టిన కలబందనూ దింపి నాటొచ్చా అని చిన్నది అడిగిందట కదా. నాటొచ్చు. గట్టి కాండం, నడిమిన పచ్చగా మొవ్వు ఉంటే చాలు. వేళ్ళన్నీ ఎండిపోయే ఉంటాయి, కత్తిరించి పైన చెప్పినట్టే నాటండి. ఎండిన వేళ్ళు తీయడం తప్ప పచ్చికోతేమీ లేకపోతే ఆరబెట్టే పని కూడా ఉండదు.

పిలకలు వస్తే తొందరపడి విడదీయొద్దు. నాలుగు అంగుళాలు పెరిగి, నాలుగైదు మట్టలు వేసి, సొంత వేరు దింపాకే తల్లి నుంచి కోయాలి. ఫిబ్రవరి మంచి కాలం.

మట్ట కోసినప్పుడు పసుప్పచ్చగా కారే చేదు జిగురుంది చూడండి, అది నోట్లో పడనీయకండి. అంగట్లో ముసాంబరం అని అమ్మేది ఆ జిగురు ఎండబెట్టిందే, కడుపులో మెలిపెట్టి విరేచనాలు పట్టిస్తుంది. కుక్క, పిల్లి కొరికినా ప్రమాదమే. పొలాల గట్ల మీద, రైలు కట్ట వెంబడి ఉండేది కలబంద అనుకుని తెచ్చుకోకండి, అది కిత్తనార. విరిస్తే గుజ్జు బదులు నార వస్తుంది, రసం తగిలిన చోట దురద.

ఈసారి ఫోటో పైనుంచి తీయకండి. మట్టి కొంచెం పక్కకు తీసి, కాండం మొదలు అగుపించేలా, పగటి వెలుతురులో తీసి పంపండి.

ఆశీస్సులతో,
మీ అవ్వ