మేస్త్రి చేతిలోని మస్టరు: గోదావరి డెల్టాలో కాంట్రాక్టు కార్మిక వివాదాల నేపథ్యం

గోదావరి డెల్టాలో ఏ కర్మాగారం గేటు ముందు కాంట్రాక్టు కార్మికులు బైఠాయించినా యాజమాన్యం వైపు నుంచి వినబడే మొదటి మాట దాదాపు ఒకటే: వాళ్లు మా మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు. కార్మికుల మాట కూడా అంతే సూటిగా ఉంటుంది. పని పురమాయించేది కంపెనీ సూపర్‌వైజరు, తప్పు దొరికితే గేటు బయట నిలబెట్టేదీ ఆయనే. జీతం, పీఎఫ్ ప్రస్తావన రాగానే మాత్రం కాంట్రాక్టరును అడగమంటారు. జవాబు చెప్పవలసిన మనిషి ఎవరో తేలకపోవడమే ఈ వివాదాల మూలంలో ఉన్నదని, కూలి రేటు, బోనసు, క్యాంటీన్ భోజనం వంటివన్నీ ఆ తర్వాతి సంగతులని ఈ ప్రాంతపు చరిత్రను కాస్త వెనక్కి వెళ్లి చూస్తే అర్థమవుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత డెల్టా వరి సీమగా మారింది. నాట్లకు, కోతలకు ఒక్కసారిగా వందల మంది కావలసిన ఈ సేద్యంలో కూలీలను విడివిడిగా పిలవడం ఏ రైతుకూ కుదిరే పని కాదు కనుక జట్టును, జట్టుకు ముందుండే మేస్త్రిని మాట్లాడుకోవడం రివాజయింది. రైసు మిల్లులు వచ్చినప్పుడు ఆ పద్ధతే యథాతథంగా మిల్లు గోడల లోపలికి నడిచింది. ధాన్యం దింపడం, ఆరబోయడం, బియ్యం బస్తాలు లారీకెత్తడం కళాసీల ముఠా పని. బస్తాకింతని ముఠాకు ముట్టేది, ముఠా సమంగా పంచుకునేది. మిల్లు యజమాని దగ్గర ఉండే పుస్తకంలో మేస్త్రి పేరు తప్ప కళాసీల పేర్లు ఉండేవి కావు.

ఈ పద్ధతిని పూర్తిగా చెడ్డదని కొట్టివేయడం చరిత్రకు న్యాయం చేసినట్టు కాదు. మేస్త్రి కూడా బస్తా మోసినన్నాళ్లు ముఠా ఒక చిన్న సంఘంలాగే నడిచింది. సీజను మధ్యలో రేటు పెంచమని పని ఆపగలిగిన బలం దానికి ఉండేది. అతను మోయడం మానేసి, మనుషులను పంపి కమీషను తీసుకోవడం మొదలుపెట్టిన దగ్గర వ్యవహారం మారింది. దేశమంతటా కర్మాగారాల్లో ఇలాంటి మధ్యవర్తుల చేతిలో నియామకం, తొలగింపు ఉండిపోవడాన్ని 1929లో నియమించిన రాయల్ లేబర్ కమిషన్ 1931 నివేదికలోనే తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్ 1976లో ముఠా, జట్టు, హమాలీ తదితర శారీరక శ్రమ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ, సంక్షేమాల కోసం ప్రత్యేక చట్టమే చేసింది. సమస్య పేరును ఈ చట్టం కచ్చితంగా పట్టుకుంది. అమలులో మాత్రం అది ఆ పేరుకు తగ్గ ఫలితం ఇవ్వలేదు.

పెద్ద కర్మాగారాల కథ కొంత వేరుగా సాగింది. రాజమండ్రి కాగితపు మిల్లు, సామర్లకోట, తణుకు, చెల్లూరులలోని చక్కెర కర్మాగారాలు కార్మికులను నేరుగా నియమించుకుని, సంఘాలను గుర్తించి, ఒప్పందాలు రాసుకున్న తరానికి చెందినవి. చక్కెర పరిశ్రమలో చెరకు గానుగాడే కొన్ని నెలలే అసలు పని. అందుకని పర్మినెంటు, సీజనల్, క్యాజువల్ అనే మూడు మెట్లు ఏర్పడ్డాయి. 1957లో కేంద్రం చక్కెర పరిశ్రమకు వేతన బోర్డు నియమించింది. గానుగ ఆగిన నెలల్లో సీజనల్ కార్మికుడికి ఇచ్చే రిటైనింగ్ అలవెన్సు ఈ పరిశ్రమలో నిలదొక్కుకున్న హక్కు. క్యాజువల్‌గా చేరినవాడు కొన్ని సీజన్లు గడిచాక సీజనల్ కావచ్చు, ఎవరైనా రిటైరైతే పర్మినెంటు కావచ్చు. ఎక్కడం ఆలస్యమయ్యేది, సిఫారసులు నడిచేవి, అయినా మెట్లు కనబడేవి. కాంట్రాక్టు పద్ధతి చేసిన అసలు మార్పు జీతం తగ్గించడం కాదు, ఈ మెట్లను తీసివేయడం. పదేళ్లు పనిచేసినా కాంట్రాక్టు కార్మికుడు మొదటి రోజు నిలబడిన చోటే నిలబడి ఉంటాడు.

చట్టం వైపు చూస్తే, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం వందమంది పైబడిన కర్మాగారంలో వర్క్స్ కమిటీ వేయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. రాజీ అధికారిని నియమించింది. ఆయన సమక్షంలో 12(3) సెక్షను కింద కుదిరిన ఒప్పందం సంఘంలో లేని కార్మికులకు కూడా వర్తిస్తుందని 18(3)లో చెప్పింది. 1952-54లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న వి.వి.గిరి నిర్బంధ తీర్పుల కంటే ఇరుపక్షాలూ నేరుగా కూర్చుని మాట్లాడుకోవడమే మేలని వాదించారు; దానికి ‘గిరి విధానం’ అనే పేరే స్థిరపడింది. ఆ వాదన నెగ్గలేదు. సంఘాలు, యాజమాన్యాలు రెండూ ఎదురెదురుగా కూర్చోవడం కంటే లేబర్ ఆఫీసు మెట్లెక్కడం ఎక్కువగా అలవాటు చేసుకున్నాయి. పైగా మూడు నాలుగేళ్లకోసారి జరిగే వేతన ఒప్పందంలో సంతకం చేసేది పర్మినెంటు కార్మికుల సంఘం. అదే గేటులోంచి అదే షిఫ్టుకు వెళ్లే కాంట్రాక్టు కార్మికుడికి ఆ కాగితంలో చోటు ఉండదు. ఉన్నా చివరి పేజీలో, యాజమాన్యం సానుభూతితో పరిశీలిస్తుందన్న ఒక వాక్యంగా ఉంటుంది.

కాంట్రాక్టు కార్మిక (క్రమబద్ధీకరణ, రద్దు) చట్టం 1970లో వచ్చి 1971 ఫిబ్రవరి 10 నుంచి అమలైంది. ఇరవై మంది, అంతకు మించి కాంట్రాక్టు కార్మికులున్న చోట ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే కంపెనీ, రిజిస్ట్రేషను, కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవలసి ఉండేది. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించి తర్వాత అతని దగ్గర రాబట్టుకోవలసి ఉండేది. జీతాల పంపిణీ సమయంలో కంపెనీ ప్రతినిధి దగ్గరుండి రిజిస్టరులో ధ్రువీకరించవలసి ఉండేది. కంపెనీ సొంత కార్మికులు చేసే పనినే కాంట్రాక్టు కార్మికులు చేస్తుంటే అదే వేతనం, అవే షరతులు ఉండాలని 1971 కేంద్ర నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. ఇన్ని మంచి మాటల్లో ఆచరణలో ఎక్కువగా మిగిలింది రిజిస్టర్లు నింపడం.

ఈ చట్టంలోని పదో సెక్షను ఏదైనా పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది కాని, నిషేధించిన తర్వాత అప్పటివరకు ఆ పని చేసినవాళ్లు ఏమవుతారో చెప్పలేదు. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు వాళ్లు తమంతట తామే ప్రధాన యజమాని ఉద్యోగులవుతారని తీర్పునిచ్చింది. అయిదేళ్లు తిరగకుండానే, 2001 ఆగస్టు 30న, స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. కాంట్రాక్టు కేవలం ముసుగని పారిశ్రామిక న్యాయస్థానంలో రుజువైతే తప్ప వాళ్లను కంపెనీ ఉద్యోగులుగా చేర్చుకోనక్కరలేదన్నది దాని సారం. రుజువు చేయడమంటే ఏళ్ల తరబడి లేబర్ కోర్టు చుట్టూ తిరగడం. రోజు కూలి పోగొట్టుకుని వాయిదాకు వెళ్లవలసినవాడు కార్మికుడు. ఆ మధ్యలోనే కాంట్రాక్టరు పేరు మారుతుంది. రెండేళ్లకో మారు కొత్త ఏజెన్సీ వస్తుంది, పాత మేస్త్రే దానికి మనుషులను పంపుతాడు, కార్మికుడు మర్నాడు పొద్దున అదే యంత్రం దగ్గర నిలబడతాడు, అతని పీఎఫ్ మాత్రం కొత్త ఖాతా కింద మొదలవుతుంది. సర్వీసు ఎంతని అడిగితే కాగితం మీద కనబడేది ఆఖరి ఏజెన్సీలోని నెలలే.

ఆంధ్రప్రదేశ్ 2003లో ఈ చట్టాన్ని తన వరకు సవరించుకుంది. పరిశ్రమ ఏ పని కోసం పెట్టారో ఆ కీలక కార్యకలాపంలో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని చెబుతూనే, పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, తోటపని, రవాణా, సరుకు ఎత్తడం, దింపడం వంటి పనులు కీలకం కావని జాబితా ఇచ్చింది. కీలకమైన పనైనా అది మామూలుగా కాంట్రాక్టరు ద్వారానే జరిగే రకమైతే, లేదా పని ఒత్తిడి ఉన్నట్టుండి పెరిగితే మినహాయింపు ఉందని కూడా అందులోనే చెప్పింది. బస్తా మోయడమే ప్రధానమైన రైసు మిల్లులో ఎత్తడం, దింపడం కీలకం కాదని చట్టమే తేల్చిన తర్వాత నిషేధంలో మిగిలిందేమిటో ఆలోచించుకోవచ్చు. అయినా అడగడానికి కార్మికుడికి ఒక ఆధారమంటూ దొరికింది. టైల్స్ కర్మాగారంలో కొలిమి పని కీలకం కాదని వాదించడం ఏ యాజమాన్యానికైనా కష్టమే.

కానీ ఆ ఆధారం గోదావరి పాయ అయిన గౌతమి ఒడ్డున ఒకచోట ఆగిపోయేది. డెల్టా మధ్యలో ఉన్నా యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. 1954 దాకా ఫ్రెంచివారి కింద ఉన్న ఊరు కావడంతో చుట్టూ ఆంధ్ర గ్రామాలే అయినా చట్టాలు వేరు, కనీస వేతనాల ఉత్తర్వులు వేరు. ఎదుర్లంక వంతెన దాటి కోనసీమ నుంచి పనికి వచ్చే మనిషికి వంతెన అవతల ఉన్న 2003 సవరణ వంతెన ఇవతల వర్తించేది కాదు. ప్రభుత్వ నిర్ణయం కావాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి రావాలి. కేంద్రపాలిత ప్రాంతపు పన్ను రాయితీలు, చేరువలోని సహజవాయువు పరిశ్రమను ఇక్కడికి రప్పించాయి. వివాదం ముదిరినప్పుడు వెంటనే వచ్చి కూర్చోగల పైస్థాయి అధికారి మాత్రం ఆ దూరంలోనే ఉండిపోయాడు.

యానాంలోని టైల్స్ కర్మాగారం రీజెన్సీ సిరామిక్స్‌లో 2012 జనవరి అంతా ఆందోళనతో గడిచింది. వేతనాల పెంపు, కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ ప్రధానమైన కోరికలు. జనవరి 27 తెల్లవారుజామున గేటు దగ్గర పోలీసులు లాఠీఛార్జి చేశారు. కార్మిక సంఘం నాయకుడు మురళీమోహన్ మరణించారు. పోలీసు దెబ్బలే కారణమని కార్మికులు అన్నారు. ఆ వార్త పాకిన గంటల్లోనే కర్మాగారానికి, వాహనాలకు నిప్పు పెట్టారు, పోలీసు కాల్పుల్లో పలువురు గాయపడ్డారు, ఇంట్లో ఉన్న కంపెనీ ప్రెసిడెంట్ కె.సి.చంద్రశేఖర్‌పై జరిగిన దాడిలో ఆయన ప్రాణాలు కోల్పోయారు. కర్మాగారం మూతపడి ఏళ్ల తరబడి తెరుచుకోలేదు. పర్మినెంటు, కాంట్రాక్టు అన్న తేడా లేకుండా అందరి కూలీ పోయింది. దానిమీద ఆధారపడిన లారీలు, హోటళ్లు, అద్దె ఇళ్లు దెబ్బతిన్నాయి.

ఆ రోజు జరిగిన హత్యను ఏ కోరికా సమర్థించదు. అయితే దాన్ని ఒక్కరోజు ఉన్మాదంగా రాసిపెట్టి ముగించడం యాజమాన్యాలకు, ప్రభుత్వాలకు అనుకూలమైన చదువు. సమ్మె వారాల తరబడి సాగుతున్నప్పుడు ఇరుపక్షాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టవలసిన యంత్రాంగం చేతులు దాటి, విషయం శాంతిభద్రతల శాఖకు చేరడం అంతకు ముందే జరిగింది. గేటు దగ్గర కార్మికుడికి ఎదురుగా నిలిచింది కంపెనీ మేనేజరు కాదు, లేబర్ అధికారి కాదు, పోలీసు. అదే ఏడాది జూలైలో హర్యానాలోని మానేసర్ మారుతీ కర్మాగారంలో జరిగిన హింసలో ఒక మానవ వనరుల అధికారి చనిపోయారు. అక్కడ కూడా కాంట్రాక్టు కార్మికుల వేతన వ్యత్యాసం పాత మంటే.

యానాం తర్వాత డెల్టాలో పాఠం నేర్చుకున్న తీరు కొంత విచిత్రమైనది. పర్మినెంటు కార్మికులను వీలైనంత తక్కువ పెట్టుకోవడం, ఒకే కాంట్రాక్టరు స్థానంలో నలుగురైదుగురిని పెట్టి మనుషులను విడదీయడం, దూరప్రాంతాల వాళ్లను తెచ్చి షెడ్లలో ఉంచడం పెరిగాయి. 2009లో వెన్నామి రొయ్యకు అనుమతి వచ్చాక భీమవరం, కాకినాడ పరిసరాల్లో విస్తరించిన రొయ్యల శుద్ధి కర్మాగారాలు ఈ నమూనా మీదే నడుస్తున్నాయి. తెల్లవారకముందే మేస్త్రి వ్యాను ఊరూరూ తిరిగి ఆడవాళ్లను ఎక్కించుకుంటుంది. ఐసు నీళ్లలో నానిన రొయ్యకు తల తీసి, తొక్క వలిచి, నరం లాగి ట్రేలో వేయడం వాళ్ల పని. తూకం దగ్గర ట్రే బరువు చీటీ మీద పడుతుంది, కిలోకింతని లెక్క. సరుకు రాని రోజు వ్యాను రాదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఎగుమతిదారుల నష్టం లెక్కలు పత్రికల్లో వచ్చాయి. వ్యాను రాక ఆగిపోయిన కూలి మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కదు, ఎందుకంటే పనినుంచి తొలగించినట్టు ఎవరికీ కాగితం ఇవ్వనక్కరలేదు.

ఇక 2025 నవంబరు 21న కేంద్రం పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 2003లో ఆంధ్రప్రదేశ్ చేసిన కీలక, అకీలక విభజన దాదాపు అదే మినహాయింపుల జాబితాతో ఇప్పుడు దేశమంతటి చట్టమైంది. యానాంకూ వంతెన అవతలికీ మధ్య ఉన్న తేడా ఆ మేరకు చెరిగిపోయింది. కాంట్రాక్టు కార్మికుల క్యాంటీను, విశ్రాంతి గది, తాగునీటి బాధ్యతను కాంట్రాక్టరు మీంచి తీసి నేరుగా ప్రధాన యజమాని మీద పెట్టడం నిజంగా మెరుగుదల. మరోవైపు 1970 చట్టంలోని ఇరవై మంది పరిమితి యాభైకి పెరిగింది. డెల్టాలో ఒక మేస్త్రి పంపే జట్టు తరచుగా ఆ లోపే ఉంటుంది, లేకున్నా రెండు పేర్ల కింద విడగొట్టడం కష్టం కాదు. ఇంతకుముందు ప్రజోపయోగ సేవలకే పరిమితమైన సమ్మె నోటీసు నిబంధన ఇప్పుడు ప్రతి పరిశ్రమకూ వర్తిస్తుంది. పద్నాలుగు రోజుల ముందు చెప్పాలి. సగం మంది, అంతకు మించి కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది.

వీటన్నిటికంటే డెల్టాలో ఎక్కువ ప్రభావం చూపగలది సంఘాల గుర్తింపు నిబంధన. కర్మాగారం మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక సంఘమవుతుంది. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే 20 శాతం, ఆపైన మద్దతున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. పర్మినెంటు కార్మికులు వందమంది, కాంట్రాక్టు కార్మికులు ఆరు వందలమంది ఉన్న కర్మాగారాన్ని ఊహించుకుంటే, అక్కడ మస్టరంటే కంపెనీ మస్టరే అయిన పక్షంలో యాభై ఒక్కమంది సభ్యులున్న సంఘం అందరి తరఫునా బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆ ఆరు వందలమంది పేర్లు ఉన్నది కాంట్రాక్టర్ల మస్టర్లలో, కొన్ని చోట్ల ఇప్పటికీ మేస్త్రి జేబులోని పుస్తకంలో.